కథ కోసం కూడిక

క్రైస్తవ కథకుల కూడిక అంటే పది మంది లోపు మనుషులు ఒకచోట కూర్చుని, ఇంకా అచ్చుకాని కథనో నవలలో ఒక అధ్యాయాన్నో చదువుకుని, అందులో ఏది నిలబడింది, ఏది కూలిపోయింది అని మాట్లాడుకోవడం. చూసేవారికి ఇది ప్రార్థన కూడికకూ సాహిత్య సభకూ మధ్య ఏదో ఒకటిగా కనిపిస్తుంది. పని మాత్రం రెండింటిలోనూ లేనిది. ప్రార్థన కూడికలో ఎవరి ప్రార్థననూ ఎవరూ సవరించరు. సాహిత్య సభలో అచ్చయిపోయిన పుస్తకానికి శాలువా కప్పుతారు. ఇక్కడ సవరించడమే పని, అదీ అచ్చుకు పోకముందే.

ఇలాంటి కూడికలు మూడు రకాలుగా నడుస్తాయి: నెలనెలా కూర్చునే చిన్న బృందం, ఏడాదికి ఒకటి రెండు సార్లు పెట్టుకునే వర్క్‌షాపు, దూరాల నుంచి వందల మంది వచ్చే సదస్సు. మూడో రకానికి పేరున్న ఉదాహరణ అమెరికాలో ఉంది. 2000లో క్రైస్తవ ప్రేమకథల రచయితల సంఘంగా మొదలైన బృందం తర్వాత అమెరికన్ క్రిస్టియన్ ఫిక్షన్ రైటర్స్‌గా పేరు మార్చుకుని ఏటా సదస్సు జరుపుతోంది. దానికి స్థానిక శాఖలూ ఉన్నాయి. ఆ సదస్సుకు వెళ్లే రచయిత ప్రచురణ సంస్థల సంపాదకులను, రచనకు ప్రచురణకర్తను వెతికిపెట్టే ఏజెంట్లను కలిసి తన నవల గురించి చెప్పుకుంటాడు. తెలుగులో అంత అంగడి లేదు. ఏజెంటు అనే మనిషే లేనప్పుడు ఆ పద్ధతిని దించుకుంటే మిగిలేది వేదిక, మైకు, భోజనాల ఖర్చు మాత్రమే.

నిజామాబాదు జిల్లా ముప్కాల్ లాంటి తెలుగు మండల కేంద్రానికి పనికొచ్చే నమూనా అంతకంటే పాతది. 1930లలో, 40లలో ఆక్స్‌ఫర్డ్‌లో సి.ఎస్. లూయిస్ గదిలో గురువారం రాత్రుళ్లు కొందరు మిత్రులు కూడేవారు. ఇంక్లింగ్స్ అని వాళ్ల పేరు. సభ్యత్వ రుసుము లేదు, నియమావళి లేదు. టోల్కీన్ తన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అధ్యాయాలను అక్కడే చదివి వినిపించాడు. హ్యూగో డైసన్ అనే మిత్రుడు ఆ కథ విని విసుక్కునేవాడు. లూయిస్ రాసిన నార్నియా కథలు టోల్కీన్‌కు నచ్చలేదు. అయినా రెండూ పూర్తయ్యాయి, రెండూ అచ్చయ్యాయి. ఇద్దరూ విశ్వాసులే, ఇద్దరి అభిరుచులూ వేరు. ఒకే విశ్వాసం ఉన్నవాళ్లంతా ఒకే రకం కథ రాయాలన్న నియమం అక్కడ లేదు. గుర్తుంచుకోవలసింది ఇదే.

తెలుగు నేల మీద ఉన్నది

తెలుగు సంఘాల్లో పాటకు లోటు లేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఈనాటికీ ఆదివారం ఆరాధనలో వినబడుతున్నాయి. కావ్యమూ ఉంది: జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ప్రసంగాల పుస్తకాలకు, భక్తుల జీవిత చరిత్రలకు, సాక్ష్యాల సంపుటాలకు కొదవ లేదు. కథ, నవల మాత్రం వాటితో సమానంగా ఎదగలేదు. నవల క్రైస్తవులకు పరాయి ప్రక్రియ కావడం వల్ల ఇలా జరిగిందని అనడానికి వీల్లేదు. 1878లో ధారావాహికగా వచ్చిన కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’కు స్ఫూర్తి ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. ఆ ఇంగ్లిష్ నవలలో కథానాయకుడు సాక్షాత్తూ ఒక పాస్టరుగారు. పక్కనే తమిళంలో తొలి నవలగా చెప్పే ‘ప్రతాప ముదలియార్ చరిత్రం’ (1879) రాసిన వేదనాయకం పిళ్లై కేథలిక్ క్రైస్తవుడు.

తెలుగు క్రైస్తవ జీవితం నవలలో గట్టిగా కనిపించింది సంఘం బయటి దారిలో. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) కొన్ని తరాల దళిత కుటుంబం కథ. మతం మారడం, మిషనరీలు, మారినా వదలని కులం అందులో భాగాలు. ఎం.ఎం. వినోదిని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని కూతురి వైపు తిప్పి కథ రాశారు. ఈ రచనలు భక్తి సాహిత్యం కావు, కొన్నిచోట్ల సంఘాన్ని సూటిగా నిలదీస్తాయి కూడా. అందుకే చాలా సంఘాల్లో వీటిని చదవరు. క్రైస్తవ కథకుల బృందం మొదట చదవవలసినవి మాత్రం ఇవే. క్రైస్తవుడి ఇల్లు, తిండి, పేరు, స్మశానం, పెళ్లి తెలుగు వచనంలోకి ఎలా వచ్చాయో ఇక్కడ కనబడుతుంది. ఒక మతస్థుల లోపలి జీవితాన్ని బయటివారికీ ఇష్టమయ్యేలా చెప్పడం ఎలాగో తెలియాలంటే మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ చూడాలి. అందులో ఇస్లాం గురించి ఉపన్యాసం ఉండదు. అమ్మ, నాయన, బడి, పండుగ ఉంటాయి.

నిజామాబాదు ప్రాంతానికి సొంత వారసత్వమూ ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955) ఈ జిల్లా పల్లె చుట్టూ అల్లిన నవల. మతమార్పిడుల గొడవ కూడా అందులో వస్తుంది. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మిన మనిషి. పుస్తకం ఎవరు కొంటారని దిగులుపడే రచయితలు ఆ సంగతి ఒకసారి తలుచుకోవచ్చు.

సాక్ష్యం వేరు, కథ వేరు

కొత్తగా మొదలైన ప్రతి క్రైస్తవ రచయితల బృందమూ మొదటి రెండు మూడు నెలల్లో ఒకే గోడకు తగులుతుంది. వచ్చిన ప్రతి కథా సాక్ష్యంలాగే ముగుస్తుంది. జబ్బు వస్తుంది, ప్రార్థన చేస్తారు, నయమవుతుంది. తాగుబోతు మొగుడు కూటాలకు వస్తాడు, మారిపోతాడు. ఇందులో రచయితల తప్పు పెద్దగా లేదు. చిన్నప్పటి నుంచి సంఘంలో విన్న కథనాల ఆకారమే అది. సాక్ష్యం చెప్పేవాడు నిలబడేది అంతా అయిపోయాక. ముగింపు మేలే అని వినేవాళ్లకు ముందే తెలుసు. సాక్ష్యానికి అది బలం. కథకు అదే ఉరి. పాఠకుడు రెండో పేజీలోనే చివరి పేజీ చదివేసినట్టు అవుతుంది.

దీనికి మందు బైబిలులోనే ఉంది. వర్క్‌షాపులో మొదటి గంట దానికే ఇవ్వడం మంచిది. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు ఇంటికొచ్చాడు, విందు జరుగుతోంది. పెద్ద కొడుకు అలిగి బయట నిలబడ్డాడు. తండ్రి వచ్చి బతిమాలాడు. ఆ తర్వాత అతను లోపలికి వెళ్లాడా? ఉపమానం చెప్పదు. యోనా గ్రంథం ఏకంగా ప్రశ్నతోనే ఆగిపోతుంది, దానికి యోనా ఏమన్నాడో ఎక్కడా లేదు. రెండో సమూయేలు 12వ అధ్యాయంలో నాతాను దావీదు దగ్గరికెళ్లి నేరుగా నిందించడు. ధనవంతుడు పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న కథ చెప్తాడు. దావీదుకు కోపం వచ్చి తీర్పు చెప్పేదాకా ఆ కథ తన గురించేనని తెలియదు. ముందే తెలిసి ఉంటే ఆ కథ పనిచేసేదే కాదు. ప్రసంగంలో ఈ భాగాలు వందసార్లు విన్నవాళ్లు కూడా వీటిని కథలుగా, నిర్మాణం చూసి చదివింది తక్కువ. ఒక్కో భాగం చదివి, ‘ఇక్కడ చెప్పకుండా వదిలేసింది ఏమిటి?’ అని అడిగితే చాలు. గంట సరిపోదు.

ఇంతకీ విశ్వాసం కథలో ఎక్కడ ఉండాలి? చివరి పేరాలో అద్భుతంగా దిగనక్కర్లేదు. పాత్ర ఎటూ తేల్చుకోలేని చోట, ప్రార్థించబోయి మాట రాని చోట, కానుక పెట్టెలో వేయాల్సిన నోటు మందుల షాపులో ఇచ్చేసిన చోట ఉంటే పాఠకుడు నమ్ముతాడు. కథలో హిందూ పొరుగువాళ్లు, ముస్లిం దుకాణదారు వస్తే వాళ్లూ మనుషులుగానే రావాలి. మన పాత్ర మంచితనం చూపడానికి పక్కింటాయన్ని దుర్మార్గుణ్ని చేయడం సోమరి పని. ఆ పక్కింటాయన చదివినా తలెత్తుకు నిలబడే కథ కావాలి. సువార్త కరపత్రం రాయాలనుకునేవారు కరపత్రమే రాయవచ్చు, అది గౌరవమైన పని. దానికి కథ వేషం వేస్తే మాత్రం రెండూ చెడతాయి.

ఊరు, ఋతువు, మనుషులు

ముప్కాల్ 2016 జిల్లాల పునర్విభజనలో మండల కేంద్రమైంది, అంతకుముందు బాల్కొండ మండలంలో ఉండేది. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూర్, బాల్కొండ, నిర్మల్ అన్నీ ఒకే దారి. అంటే బృందాన్ని ఒక్క ఊరికి కట్టేయనవసరం లేదు. బస్సు దిగి నడిచి రాగల చోటు అయితే చాలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎనిమిది మంది దొరకడం కష్టం కాదు. ఎనిమిది నుంచి పది మంది సరైన సంఖ్య. అయిదుగురైతే ఇద్దరు రాని రోజు కూడిక కూలుతుంది. పన్నెండు దాటితే వంతు రాదు.

ఋతువు చూడకుండా తేదీ పెట్టకూడదు. ఈ ప్రాంతంలో జనవరి నుంచి మార్చి దాకా పసుపు పని: తవ్వకం, ఉడకబెట్టడం, కళ్లంలో ఆరబోయడం, పాలిష్, ఆపైన మార్కెట్ యార్డు. కూలికెళ్లే ఆడవాళ్లకు ఆ మూడు నెలలు సాయంత్రమే మిగలదు. శ్రమకాలపు నలభై రోజుల కూటాలు కూడా సుమారు ఆ రోజుల్లోనే వస్తాయి. డిసెంబరు మొత్తం క్రిస్మస్‌ది. జూన్‌లో విత్తనం. ఆగస్టు, సెప్టెంబరు కాస్త ఊపిరాడే నెలలు. ఒక రోజు వర్క్‌షాపు అప్పుడు, రెండో శనివారం నాడు పెడితే ఉద్యోగులకూ వీలవుతుంది. నెలవారీ కూడిక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మంచిది. ఆరాధన అయిపోయి, భోజనమై, మనిషి ఇంకా కునుకులోకి జారకముందు.

చోటు విషయంలో ఆలోచన అవసరం. చర్చి హాలు ఉచితంగా దొరుకుతుంది, కుర్చీలుంటాయి, ఫ్యాను తిరుగుతుంది. అయితే ఫలానా సంఘం హాలులో పెడితే తక్కిన సంఘాల వాళ్లు రారు. సీఎస్‌ఐ వాళ్లు, కేథలిక్కులు, బాప్టిస్టులు, స్వతంత్ర సంఘాల వాళ్లు బాప్తిస్మం మీదా సబ్బాతు మీదా ఏకాభిప్రాయానికి రావడం కథ రాయడం కంటే కష్టం. ఆ చర్చ కూడికలోకి రానివ్వకూడదు. ఎవరింటి వరండానో, సెలవు రోజు ఖాళీగా ఉండే ప్రైవేటు బడి గదో చర్చి హాలు కంటే నయం. పాస్టరుగారికి ముందే చెప్పాలి. అనుమతి కోసం కాకపోయినా, ‘మా యవ్వనస్థులు ఆదివారం ఎక్కడికి పోతున్నారు?’ అన్న అనుమానం పుట్టకుండా. అయ్యగారు తానే వచ్చి కూర్చుంటానంటే రానివ్వాలి, ఒక షరతుతో: ఆయనా ఏదో ఒకటి రాసి చదవాలి. అధ్యక్ష స్థానం ఉండదు. పెద్దలు ముందు వరుసలో కూర్చుంటే చిన్నవాళ్లు నోరు విప్పరు. కుర్చీలు గుండ్రంగా వేస్తే ఆ సమస్య సగం తీరుతుంది.

ఎవరిని పిలవాలి? క్రైస్తవ సాహిత్యం రాస్తున్నామని చెప్పుకునేవారి కోసం వెతికితే ఎవరూ దొరకరు. క్రిస్మస్ నాటిక ఎవరు రాశారో అడిగితే దొరుకుతారు. తెలుగు సంఘాల్లో ఏటా తప్పకుండా కొత్తగా రాసే కల్పిత రచన దాదాపు అదొక్కటే. హేరోదును హాస్యంగా మాట్లాడించిన డిగ్రీ కుర్రాడు, సత్రం యజమానికి గయ్యాళి భార్యను సృష్టించిన సండేస్కూలు టీచరక్క ఉన్నారంటే కథకులు ఉన్నట్టే. ఆ సత్రం యజమాని భార్య బైబిలులో లేదు. ఆమెను ఊహించిన మనిషికి పాత్ర అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు.

చదివే రోజు

నెలవారీ కూడికకు రెండు గంటలు చాలు. 1,200 పదాల కథ చదవడానికి పన్నెండు నిమిషాలు, దాని మీద మాటకు ఇరవై నిమిషాలు. మూడు కథలకు గంటా ముప్పై ఆరు నిమిషాలు, మిగిలింది టీకి. తొమ్మిది మంది ఉన్న బృందంలో ఒక్కొక్కరి వంతు మూడు నెలలకోసారి వస్తుంది. కథలు రాసేవారికి ఇది చాలు. నవల రాసేవారికి చాలదు. వాళ్లు జంటగా ఏర్పడి, నెలకు రెండేసి అధ్యాయాలు ఒకరివి ఒకరు ఇంటి దగ్గర చదువుకోవాలి. ఒక్కో అధ్యాయం 1,500 పదాలైతే ఏడాదికి 36,000 పదాలు. చిన్న నవలకు అది మొదటి ప్రతి.

చదివే కథ ప్రతులు అందరి చేతుల్లో ఉండాలి. చెవితో విన్నప్పుడు బాగున్న వాక్యం కాగితం మీద డొల్లగా కనిపించడం మామూలే. చదవడం అయ్యాక రచయిత మాట్లాడకూడదు. ‘నా ఉద్దేశం ఏమిటంటే’ అని మొదలుపెట్టగానే ఆపాలి. రేపు పుస్తకం కొన్నవాడి పక్కన నిలబడి ఉద్దేశం చెప్పే వీలుండదు కదా. ముందు ఒకరు కథలో ఏం జరిగిందో మూడు వాక్యాల్లో చెప్పాలి. అదే సగం విమర్శ. రచయిత రాశాననుకున్నదీ విన్నవాళ్లకు అందినదీ ఒకటి కావని అక్కడే బయటపడుతుంది. తర్వాత ఒక్కొక్కరు ఒక మెచ్చిన చోటు, ఒక నమ్మలేకపోయిన చోటు చూపించాలి. పంక్తితో సహా.

ఈ కూడికలకు పెద్ద శత్రువు మర్యాద. ‘చాలా బాగుంది బ్రదర్, దేవుడు మిమ్మల్ని ఇంకా వాడుకోవాలి’ అన్న మాట ప్రేమతో వచ్చేదే. దానివల్ల ఒక్క వాక్యం కూడా మెరుగుపడదు. దానికి అటు కొసన ఇంకో రకం మనిషి ఉంటాడు, ప్రతి కథలోనూ సిద్ధాంత దోషం పట్టేవాడు. పాత్ర సిగరెట్ తాగితే రచయిత తాగమంటున్నట్టు భావించేవాడు. అలాంటి వారికి ఆదికాండం మొదలుకుని బైబిలులో ఎవరెవరు ఏమేం చేశారో నెమ్మదిగా గుర్తు చేయవచ్చు.

ఈ తరహా చర్చ కథను ఎలా మారుస్తుందో చూడడానికి ఒక ఊహా కథ. బీడీలు చుట్టే మరియమ్మ కొడుకు దుబాయ్ వెళ్లాడు. ఏజెంటు చెప్పిన పని అక్కడ లేదు. ఇక్కడ అప్పు పెరుగుతోంది. ఒక రాత్రి ఉపవాస ప్రార్థన, తెల్లవారి ఫోను, కొడుక్కి పని దొరికింది, ఆదివారం సాక్ష్యం. మొదటి ప్రతిలో చివర ఇలా ఉంది: “దేవుని కృపవలన నా కుమారునికి ఉద్యోగము లభించినది అక్కా” అంటూ మరియమ్మ ఆనందబాష్పాలు రాల్చింది. బృందంలో బీడీ పని తెలిసిన మనిషి ఉంటే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది: ఏజెంటుకు కట్టిన డబ్బు ఎక్కడిది? గొలుసు ఎవరి దగ్గర కుదువ పెట్టింది? ఆకు తక్కువొచ్చిన వారం వెయ్యి బీడీలు ఎలా నింపింది? ఇంకొకరు అడుగుతారు: ఆ రాత్రి ఆమె నిజంగా ఏమని ప్రార్థించింది? మూడో మనిషి అంటాడు: ముప్కాల్‌లో ఏ అవ్వా ‘లభించినది’ అనదు.

తిరగరాసిన ప్రతిలో పక్కింటామె వచ్చి గడపలో కూర్చుంటుంది.

“ఫోన్ జేసిండా?”

“జేసిండు.”

“ఏమన్నడు?”

“అన్నం తిన్నవా అవ్వా అన్నడు.” మరియమ్మ చాటను ఒళ్లోకి లాక్కుంది. “పైసల ముచ్చట నేనడగలే, వాడు జెప్పలే.”

ఇక్కడ కథ ఆగిపోవచ్చు. పని దొరికిందా లేదా పాఠకుడికి తెలియదు. తల్లికి తెలుసు, తెలిసీ అడగలేదు, ఆమె ప్రార్థన ఏమిటో ఆ ఊరుకోవడంలో ఉంది. మొదటి ప్రతిలో దేవుని పేరు వచ్చింది, రెండోదానిలో రాలేదు. ఏది ఎక్కువ క్రైస్తవ కథ అన్నది బృందం తగువుపడవలసిన విషయం, తేల్చవలసినది మాత్రం రచయితే.

సంభాషణలో ఇంకో చిక్కుంది. సంఘంలో పెరిగిన మనిషికి రెండు భాషలు వస్తాయి. ఇంట్లో, పొలంలో మాట్లాడేది ఒకటి, ప్రార్థనలో వచ్చే పాత అనువాదపు గ్రాంథికం ఇంకొకటి. రచయితలు చాలామంది రెండోదాన్ని కథంతా పరిచేస్తారు. నిజానికి ఆ రెండూ పక్కపక్కన ఉంటేనే అందం. కూలి గురించి తగువుపడుతున్న మనిషి భోజనానికి ముందు కళ్లు మూసుకోగానే అతని భాష మారిపోతుంది. ఆ మార్పును రాయగలిగితే పాత్ర ఎక్కడ పెరిగిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక రోజు వర్క్‌షాపు

ఒక రోజు వర్క్‌షాపు పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా. ప్రారంభ సభ, జ్యోతి ప్రజ్వలన స్థానంలో స్వాగత గీతం, అతిథుల పరిచయాలు మొదలైతే పదకొండున్నర అవుతుంది. అవేవీ వద్దు. చిన్న ప్రార్థన, వెంటనే పని. పిలిచే శిక్షకుడు క్రైస్తవుడే కానక్కర్లేదు. కథ రాయడం తెలిసినవాడు కావాలి. నిజామాబాద్‌లో హరిదా రచయితల సంఘం ఉంది, డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. అలాంటి చోట్ల నుంచి ఒక కథకుణ్నో తెలుగు అధ్యాపకుణ్నో పిలిస్తే, సంఘం లోపలి మాటలు తెలియని మొదటి పాఠకుడు కూడా దొరికినట్టే. ‘అభిషేకం’, ‘భారం’ లాంటి మాటలు ఆయనకు అర్థం కాని చోట కథ బయటివారికి తెరుచుకోలేదని లెక్క.

మధ్యాహ్నం వరకు ఒక బైబిలు కథను విప్పి చూడవచ్చు. రూతు గ్రంథం దీనికి బాగా నప్పుతుంది. నాలుగే అధ్యాయాలు. కరువుకు వలస పోయిన కుటుంబం, మగవాళ్లంతా చనిపోవడం, అత్తాకోడళ్లు తిరిగి రావడం, కోత చేలో పరిగె ఏరుకోవడం. గల్ఫ్‌కు మనుషులను పంపే, పొలం కూలీ తెలిసిన ప్రాంతంలో ఆ కథకు పరిచయ వాక్యం అక్కర్లేదు. అభ్యాసం ఇలా ఇవ్వవచ్చు: మోయాబులోనే ఉండిపోయిన రెండో కోడలు ఓర్పా. ఆమె ఇంటికి తిరిగి వెళ్లిన సాయంత్రం గురించి ఒక పేజీ. బైబిలు ఆమెను అక్కడితో వదిలేసింది. ఆమెను చెడ్డదాన్ని చేయకుండా రాయడమే పరీక్ష.

మధ్యాహ్నం తర్వాత చరిత్ర. ఇందుకు జిల్లాలో ఉన్న మంచి విషయం డిచ్‌పల్లి. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున అక్కడ కుష్ఠు రోగుల కోసం ఆస్పత్రి నెలకొల్పారు. 1915లో అది మొదలైంది. దానికి పెద్ద విరాళమిచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఇసబెల్ 1932లో మరణించింది. మిషనరీ జీవిత చరిత్రగా రాస్తే ఇది ఎప్పుడూ డాక్టరమ్మ కథే అవుతుంది. కథకుడికి పనికొచ్చేవాళ్లు వేరే ఉన్నారు: బండిలో ఎవరూ ఎక్కించుకోని రోగి, ఆ ఆస్పత్రికి పాలు పోసిన మనిషి, డబ్బిచ్చిన దాత ఇంట్లో ఆ రాత్రి జరిగిన మాటలు. మెదక్ చర్చి కూడా అలాంటిదే. చార్లెస్ పాస్నెట్ కట్టించిన ఆ గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. కరువులో అన్నం కోసం రాళ్లు మోసిన కూలీలు దాన్ని లేపారు. ఆ కూలీ వైపు నుంచి రాయాలంటే రచయిత ఊహించాలి, ఊహించినదాన్ని కథ అనే చెప్పాలి, చరిత్ర అని చెప్పి అమ్మకూడదు. తేదీలు, పేర్లు ఉన్నవి ఉన్నట్టు, తక్కినది కల్పన. ఈ గీత వర్క్‌షాపులో గట్టిగా గీయాలి, ఎందుకంటే సంఘాల్లో కల్పన రెండేళ్లలో సాక్ష్యమై తిరిగి వస్తుంది.

పేర్లు, పాటలు, అచ్చు

చిన్న ఊళ్లో ఎవరి కథ రాశారో అందరికీ తెలిసిపోతుంది. పేరు మార్చినంత మాత్రాన చాలదు. పని, ఇల్లు, పిల్లల సంఖ్య, ఊరు కూడా మార్చాలి. పాస్టరుగారి దగ్గర ఎవరో చెప్పుకున్న రహస్యం చెవిన పడితే అది కథకు ముడిసరుకు కాదు. ఇంకో జాగ్రత్త తెలుగు క్రైస్తవులకు ప్రత్యేకమైనది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా వర్తించదు, రెండు తెలుగు రాష్ట్రాల్లో వారిని బీసీ-సీగా లెక్కిస్తారు. కాగితం మీద ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. అది గొప్ప కథావస్తువు. అదే కారణంగా కూడిక ఫొటోలు, వచ్చినవారి పేర్లు అడక్కుండా వాట్సాప్‌లో పెట్టకూడదు.

కథలో పాట చరణం వాడాలంటే హక్కులు చూసుకోవాలి. మన చట్టంలో రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పురుషోత్తమ చౌదరి పాటలకు ఇబ్బంది లేదు. యూట్యూబులో వినబడే కొత్త పాటలకు రాతపూర్వక అనుమతి కావాలి. పాట పేరు చెప్పి ఊరుకుంటే ఏ గొడవా లేదు.

అచ్చు సంగతికొస్తే, సంఘ పత్రికలతో మొదలుపెట్టవచ్చు గానీ అక్కడే ఆగిపోకూడదు. దినపత్రికల ఆదివారం అనుబంధాలు కథలు వేస్తాయి. నమస్తే తెలంగాణ, ముల్కనూరు సాహితీ పీఠం కలిసి కథల పోటీ నిర్వహిస్తూ వచ్చాయి. క్రైస్తవ పాత్రలున్నంత మాత్రాన అక్కడ కథ తిరిగిరాదు, ప్రసంగం ఉంటే వస్తుంది. బృందం ఏడాది చివర తన కథలను చిన్న సంపుటంగా వేసుకోవచ్చు. ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రుసుము లేకుండా ఇస్తుంది. డీటీపీ చేయించేటప్పుడు మూలప్రతిని యూనికోడ్‌లో భద్రపరచుకోవాలి. పాత ఫాంట్లలో చేయించిన పుస్తకాన్ని తర్వాత ఈ-పుస్తకంగా మార్చాలంటే మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాలి. అచ్చయ్యాక ఒక ప్రతి శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు నెలకొల్పిన కథానిలయానికి పంపడం తెలుగు కథకుల ఆనవాయితీ.

ఇక ఊళ్లో లేనివారి సంగతి. ఈ ప్రాంతపు బృందంలో ఒకరిద్దరు ఎప్పుడూ గల్ఫ్‌లో ఉంటారు, రాయడానికి విషయం ఎక్కువగా ఉండేదీ వాళ్ల దగ్గరే. వారిని వీడియో కాల్‌లో కలుపుకోవచ్చు. దుబాయ్ మనకంటే గంటన్నర, రియాద్ రెండున్నర గంటలు వెనక. మన మధ్యాహ్నం మూడు గంటల కూడిక వాళ్లలో చాలామందికి పనివేళ. వాళ్ల కథ ఉన్న నెలలో కూడికను రాత్రి ఎనిమిదిన్నరకు మార్చాలి, అప్పుడు దుబాయ్‌లో ఏడు, రియాద్‌లో ఆరు. సౌదీలో ముస్లిమేతరుల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు కాబట్టి అక్కడున్నవారితో మాట్లాడే కాల్‌లో ప్రార్థన పెట్టకుండా కథతోనే మొదలుపెట్టి కథతోనే ముగించాలి. వాళ్ల కథ కలం పేరుతో అచ్చు వేయాలి.